చేదు చెయ్యి

పటమటలో ఆ వీధిలోకి పాలబండి వచ్చేసరికే కనకలక్ష్మి వంటింట్లో గిన్నెల చప్పుడు మొదలవుతుంది. ఆ రోజూ అలాగే మొదలైంది. రామకోటేశ్వరరావు హాల్లో పడక్కుర్చీలో కూర్చుని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు గానీ, అతను చదువుతున్నది పేపరు కాదు. పేపరు పక్కనుంచి వంటింటి గుమ్మం వైపు చూస్తున్నాడు. అక్కడ కనకలక్ష్మి పీట మీద కూర్చుని, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కొరమీను ముక్కని వేళ్లతో మెత్తగా నలుపుతోంది. ఎక్కడైనా ముల్లు తగులుతుందేమోనని పొర పొరా విడదీసి చూస్తోంది. ఆమె మోకాలికి తల ఆనించి, తోక పాదాల చుట్టూ చుట్టుకుని పిల్లి కూర్చుని ఉంది.

"తొందరపడకు బుజ్జమ్మా, వేడిగా ఉంది. ఊదనీ," అంది కనకలక్ష్మి. నిజంగానే ఊదింది కూడా.

కోటేశ్వరరావు పేపరు మడిచి, "మేస్త్రమ్మా" అని పిలిచాడు. ముద్దుగానే పిలిచాడు. పిల్లి చెవి ఒకటి అతని వైపు తిరిగింది. మిగతా పిల్లి తిరగలేదు.

"దాని పేరు మేస్త్రమ్మ. బుజ్జమ్మా గిజ్జమ్మా అని పిలిచి దాన్ని పాడుచేస్తున్నావు," అన్నాడు.

"పిలిస్తే పలికేదే పేరండీ," అంది కనకలక్ష్మి తల ఎత్తకుండానే. ఆ మాటకి అతనికి ఒళ్లు మండింది. కాఫీ చల్లారిపోయిందని వంక పెట్టి సగం కప్పులోనే వదిలేశాడు.

ఆ పిల్లి అతనిది. ఈ మాట కోటేశ్వరరావు ఎవరి ముందైనా ఒట్టేసి చెప్పగలడు. వన్ టౌన్‌లో అతని పప్పుల హోల్‌సేల్ కొట్టు వెనక గోడౌన్‌లో మినపబస్తాల సందున పుట్టింది. ఏ బస్తా ఎక్కడ వేస్తున్నారో కాపలా కూర్చుని మరీ చూస్తుందని హమాలీలు దానికి మేస్త్రమ్మ అని పేరు పెట్టారు. పొద్దున కొట్టు తెరిచేసరికి, రాత్రి పట్టిన ఎలుకని తెచ్చి అతని చెప్పుల పక్కన పెట్టేది. మధ్యాహ్నం క్యారియర్ విప్పితే ఎదురుగా కూర్చునేది. బేరాలు లేని ఎండవేళ గల్లాపెట్టె మీద అతని మోచేతికి వీపు ఆనించి పడుకునేది. ఎనిమిదేళ్లు అలా గడిచాయి.

అలాంటిది, అయిదు నెలల కిందట దాని నోట్లోంచి చొంగ కారడం మొదలైంది. ఆకలిగా గిన్నె దాకా వెళ్లేది, ఒక్క ముద్ద నోట పెట్టి కీచుమని అరిచి పారిపోయేది. పశువుల డాక్టరు హెప్సిబా గారు దాని నోరు తెరిచి చూసి, చిగుళ్లన్నీ పుండైపోయాయన్నారు.

"దాని పళ్లే దాని ఒంటికి పడటం లేదండీ. అన్నీ తీసెయ్యాలి."

"పళ్లు లేకుండా పిల్లి ఎలా బతుకుతుందండీ?"

"నొప్పి లేకుండా బతుకుతుందండీ," అన్నారావిడ.

పళ్లన్నీ తీసిన పిల్లిని మళ్లీ గోడౌన్‌లో ఎలకల మధ్య వదల్లేక ఇంటికి తెచ్చాడు. అప్పటిదాకా పిల్లి అంటేనే మొహం చిట్లించే కనకలక్ష్మి, బుట్టలో వాచిన మూతితో మత్తుగా పడుకున్నదాన్ని చూసి ఏమీ అనలేదు. కూతురు కీర్తన చిన్నప్పటి మెత్తటి దుప్పటి ఒకటి బీరువాలోంచి తీసి పరిచింది. కోటేశ్వరరావుకి ఆ రోజు భార్య మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేం.

ఆ రోజే పనులు కూడా పంచుకున్నారు. పంచుకున్నారు అనడం కన్నా, కనకలక్ష్మి పంచింది అనడం న్యాయం. పళ్లు తీసినా గొంతు దగ్గర పుండు కొంచెం మిగిలిందనీ, కొన్ని నెలలు రోజుకి రెండు పూటలా సిరంజితో మందు పట్టాలనీ డాక్టరు గారు చెప్పారు. ఆ మందు చేదంటే చేదు. చుక్క పడగానే పిల్లి నోరంతా నురగ కక్కేది. "నా వల్ల కాదండీ, దాని మొహం చూస్తే నా చేతులు వణుకుతాయి. మందు మీరు పట్టండి, తిండి నేను చూసుకుంటాను," అంది కనకలక్ష్మి. మగవాడు చెయ్యాల్సిన పనే కదా అని అతనూ ఒప్పుకున్నాడు. పైగా కాస్త గర్వంగా ఒప్పుకున్నాడు.

ఇంకేముంది. రోజూ పొద్దునా సాయంత్రం కోటేశ్వరరావు తువ్వాలు పట్టుకుని మంచాల కిందా బీరువా వెనకా మోకాళ్ల మీద పాకడం, దొరికినదాన్ని తువ్వాల్లో చుట్టి దవడ పక్కనుంచి మందు పట్టడం, వదలగానే అది నురగ కారుస్తూ వంటింట్లోకి పరిగెత్తి కనకలక్ష్మి ఒళ్లో దాక్కోవడం, ఆవిడ "అయ్యో నా తల్లీ" అని మూతి తుడిచి చేప పెట్టడం. ఇలా నాలుగు నెలలు.

చిగుళ్లు మానాయి. ఒంటికి కండ పట్టింది. నిద్రపోతున్నప్పుడు ఆపే పళ్లు లేక నాలుక కొస కాస్త బయటికి వచ్చి ఉంటుంది, చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. ఆ ముద్దంతా కనకలక్ష్మి ఒళ్లోనే. అతను గదిలోకి అడుగు పెడితే నాలుక లోపలికి పోతుంది, కళ్లు తెరుచుకుంటాయి, పిల్లి లేచిపోతుంది.

అతను ప్రయత్నం చెయ్యలేదని కాదు. రొయ్యలు తెచ్చాడు. అది వాసన చూసి, ఆ రొయ్యని అక్కడే వదిలి కనకలక్ష్మి దగ్గరికి పోయి అరిచింది, నువ్వు పెట్టు అన్నట్టు. ఒకరోజు ఆమె గుడికి వెళ్లినప్పుడు ఆమె పాత నేతచీర ఒళ్లో పరుచుకుని, ఆమె కూర్చునే చోటే కూర్చున్నాడు. పిల్లి వచ్చింది. చీర అంచు వాసన చూసింది. ముందుకాలు ఒకటి అతని తొడ మీద కూడా పెట్టింది. తర్వాత తల ఎత్తి మొహం చూసింది. అంతే. సరిగ్గా అప్పుడే కనకలక్ష్మి గుడి నుంచి వచ్చి, చీర కప్పుకుని కూర్చున్న మొగుణ్ని చూసి పగలబడి నవ్వింది. ఆ నవ్వు అతనికి ఇప్పటికీ చెవుల్లో ఉంది.

కాఫీ వదిలేసిన ఆ రోజు సాయంత్రం అతను మామూలు కన్నా ముందుగా ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పుతుంటే వంటింట్లోంచి ఫోను మాటలు వినిపించాయి.

"ఉద్యోగం మానేసిన సంగతి నాన్నకి తెలీనివ్వనులే. ఆదివారం నువ్వు మామూలుగా సెలవు మీద వచ్చినట్టే రా. ఆయన సంగతి నేను చూసుకుంటాగా."

కోటేశ్వరరావు గుమ్మంలోనే నిలబడిపోయాడు. కీర్తన హైదరాబాదులో ఉద్యోగం మానేసింది. తల్లికి తెలుసు. అతనికి తెలీదు. తెలీనివ్వరు కూడా. ఉద్యోగం మానేసిందన్న దిగులు కన్నా ముందు గుండెల్లో వేరే ఏదో భగ్గుమంది. కూతురు ఫోను చేస్తే ఎప్పుడూ తల్లికే. అతనితో మాట్లాడేది చివర్లో, "నాన్నా బాగున్నారా, బీపీ మందు వేసుకుంటున్నారా" అని రెండు ముక్కలు. తల్లిని నువ్వు అంటుంది, ఒళ్లో పడుకుంటుంది. తండ్రిని మీరు అంటుంది, కూర్చోమంటేనే కూర్చుంటుంది. ఈ ఇంట్లో ఏ ప్రాణి అయినా కనకలక్ష్మి ఒళ్లోకే ఎందుకు పోతుంది? నాకేం తక్కువ? ఒక్కటి, ఒకే ఒక్కటి తనంతట తాను నా దగ్గరికి రాకూడదా?

చప్పుడు కాకుండా మళ్లీ చెప్పులు వేసుకుని, అప్పుడే వచ్చినట్టు గేటు చప్పుడు చేసుకుంటూ లోపలికి వచ్చాడు. ఏమీ అడగలేదు. అన్నం తిని పడుకున్నాడు.

మర్నాడు పొద్దున మందు పట్టాక, పిల్లిని వదలకుండా తువ్వాలుతో సహా బుట్టలో పెట్టి మూత బిగించాడు.

"ఎక్కడికండీ?" అంది కనకలక్ష్మి గరిటె పట్టుకుని వచ్చి.

"దాని చోటికి. అది పుట్టి పెరిగిన చోటు చూసి ఎన్నాళ్లయింది? ఇంట్లో కట్టిపడేస్తే దానికి మాత్రం మనసుండదా?"

"ఇంకా తిండి పెట్టలేదు."

"నేను పెడతాను. నాకూ చేతులున్నాయి."

ఆమె ఇంకేదో అనేలోపే కారు స్టార్టు చేశాడు. బెంజి సర్కిల్ దాటేదాకా బుట్టలోంచి అరుపులు ఆగలేదు. వన్ టౌన్ సందుల్లోకి తిరిగి, తోపుడుబండ్ల మధ్య కారు నత్తనడక నడుస్తున్నప్పుడు అరుపులు ఆగిపోయాయి. మిరపకాయల ఘాటు, గోనెసంచుల వాసన, బెల్లం వాసన. బుట్ట కన్నాల్లోంచి గులాబిరంగు ముక్కు ఒకటి బయటికి పెట్టి పిల్లి గాలి పీల్చింది. కోటేశ్వరరావు మొహం వెలిగిపోయింది.

గోడౌన్‌లో దింపగానే మేస్త్రమ్మ కాసేపు కడుపు నేలకి ఆనించి నడిచింది. తర్వాత తోక నిలబెట్టింది. మినపబస్తాలకి బుగ్గ రాస్తూ వరస వరసంతా తిరిగింది. హమాలీల పెద్ద ఆమోసు చేతిలోని కొక్కెం పక్కన పెట్టి, "వచ్చావమ్మా మేస్త్రమ్మా, నువ్వు లేక ఎలకలు మమ్మల్ని పనిలో పెట్టుకుంటన్నాయి," అన్నాడు. అందరూ నవ్వారు. కోటేశ్వరరావు తెప్పించిన ఉడికిన కోడిముక్కలు అది అతని చేతిలోంచి తినలేదు గానీ, కాగితం మీద పెడితే తింది.

ఎండ ఎక్కాక, బేరాలు పలచబడ్డాక జరిగింది అతను నాలుగు నెలలుగా కలలు కన్న సంగతి. పిల్లి గల్లాపెట్టె మీదికి ఎగిరింది. అటు ఇటు తిరిగి, అతని మోచేతికి వీపు ఆనించి పడుకుంది. కాసేపటికి నాలుక కొస బయటికి వచ్చింది. కోటేశ్వరరావు చెయ్యి కదపలేదు. ఎవరో వచ్చి కందిపప్పు ధర అడిగితే కళ్లతోనే ఆగమన్నాడు. చూశావా కనకలక్ష్మీ, అనుకున్నాడు. చూశావా, ఇది నాది.

చెమట కంట్లోకి కారుతోంది. ఎడమచేత్తో మెల్లగా జేబులోంచి రుమాలు తీశాడు.

తువ్వాలంత కూడా లేదు ఆ రుమాలు. కానీ తెల్లటి గుడ్డ అతని చేతిలో విప్పుకోవడం పిల్లి చూసింది. ఒక్క ఉదుటున లేచి, అతని ముంజేతి మీద గోళ్లు దించి, గల్లాపెట్టె మీదినుంచి బస్తాల మీదికి, బస్తాల మీదినుంచి పైకప్పు కింద దూలం మీదికి పోయింది. అక్కడ చీకట్లో రెండు కళ్లు మాత్రం మెరుస్తున్నాయి.

పిలిచాడు. కోడిముక్క చూపించాడు. ఆమోసు బస్తాలెక్కి చెయ్యి చాపితే ఇంకా లోపలికి జరిగింది.

"ఏం చేశారండీ దీన్ని? మీ పక్కనుంచి లేపితే మా మీద గుర్రుమనేది," అన్నాడు ఆమోసు. అతను ఎగతాళికి అనలేదు. అయినా కోటేశ్వరరావుకి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది.

సాయంత్రం మందువేళ దాకా చూసి, గత్యంతరం లేక ఇంటికి ఫోను చేశాడు. కనకలక్ష్మి ఆటో మాట్లాడుకుని వచ్చింది. కొట్టుకి ఎన్నడో ఏడాదికొకసారి లక్ష్మీపూజకి తప్ప రాని మనిషి, హమాలీలందరూ చూస్తుండగా దూలం కింద నిలబడి, "బుజ్జమ్మా, ఇంటికి పోదాం రా" అంది. పిల్లి బస్తా మీదినుంచి బస్తా మీదికి దిగి వచ్చి ఆమె భుజం ఎక్కి మెడలో తల దాచుకుంది. కోటేశ్వరరావు తల దించుకుని తాళాలు వెతుక్కున్నాడు.

దిగేటప్పుడు పిల్లి కుంటింది. గోరు ఒకటి చీలి రక్తం వస్తోంది. ఇంటికి పోతూ పోతూ డాక్టరు హెప్సిబా గారి దగ్గర ఆగారు. ఆవిడ గోరుకి మందు రాసి, నోరు తెరిచి చూసి సంతోషించారు.

"చిగుళ్లు బాగా గట్టిపడ్డాయండీ. ఇంక మెత్తగా నలపక్కర్లేదు, చిన్న ముక్కలు పెట్టండి, అదే మింగేస్తుంది. పుండు కూడా తగ్గుముఖం పట్టింది. ఇంకో రెండు నెలలు మందు వాడితే చాలు." ఆ తర్వాత కోటేశ్వరరావు ముంజేతి మీద గీతలు చూశారు. "ఇంకా ఇంత భయపడుతోందా మిమ్మల్ని చూసి? మందు పట్టిన చేత్తోనే వెంటనే తిండి కూడా పెడుతున్నారు కదా?"

"తిండి మా ఆవిడ పెడుతుందండీ."

"పళ్లు తీసిన మర్నాడు మీరిద్దరూ దీన్ని చూపించడానికి తెచ్చినప్పుడే మేడంకి చెప్పానే. మీరు కారు తేవడానికి వెళ్లారు అప్పుడు. ఒక చెయ్యి చేదూ ఒక చెయ్యి తీపీ అయితే, ఒకరు రాక్షసులూ ఒకరు దేవతలూ అవుతారు, ఇద్దరూ రెండూ చెయ్యండి అన్నాను. గుర్తుందా మేడం?"

కనకలక్ష్మి చూపులు పిల్లి మీదే ఉన్నాయి. "మర్చిపోయానండీ," అంది చిన్నగా.

ముప్పయ్యేళ్లు కాపురం చేసిన మనిషికి భార్య అబద్ధం చెబితే తెలుస్తుంది. ఇంటికి వచ్చి, బుట్ట మూత తీసి, పిల్లి బీరువా కిందికి దూరాక అడిగాడు.

"నువ్వు మర్చిపోలేదు."

"లేదు."

"నాలుగు నెలలు. నేను దొంగలా మోకాళ్ల మీద పాకుతుంటే, అది నన్ను చూసి ఒణికిపోతుంటే, నువ్వు వంటింట్లో కూర్చుని చూశావు. చీర కప్పుకున్నానని నవ్వావు కూడా. ఒక్క మాట చెబితే సరిపోయేది కదే."

అతనికి కోపం ఆగలేదు.

"పిల్లి సరే. కీర్తన ఉద్యోగం మానేసిందట. నాకు తెలీనివ్వవట. నిన్న విన్నాను. నా కూతురు నాకు చెప్పకూడదనుకునేంత పాపం నేనేం చేశాను? ఒక్క దెబ్బ వేశానా దాన్ని ఎప్పుడైనా? అడిగింది కాదన్నానా?"

కనకలక్ష్మి సోఫా అంచు మీద కూర్చుంది. కొంగు కొస వేలికి చుట్టుకుంది, విప్పుకుంది.

"అది చెప్పొద్దనలేదండీ," అంది చివరికి. "నాన్నకి ఫోను చేసి చెప్తానంది. నేనే ఆపాను. నేను నచ్చచెప్తాలే, అప్పటిదాకా చెప్పకు అన్నాను."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్పను. చిన్నప్పటి నుంచీ అంతేగా. అన్నం తినకపోతే మీ నాన్న రానీ అనేదాన్ని. మార్కులు తక్కువొస్తే మీ నాన్నకి నేను చెప్తాలే, నువ్వు లోపలికి పో అనేదాన్ని. మీరు గేటు తియ్యగానే అది వచ్చి నా కొంగు పట్టుకునేది. అది అలా పట్టుకోవడం నాకు ఎంత బాగుండేదో మీకు తెలీదు."

"నన్ను బూచివాణ్ని చేశావు."

"చేశాను. మీరూ కాదనలేదు. కోప్పడండి అంటే కోప్పడేవారు. మీసం దువ్వుకుని మరీ కోప్పడేవారు."

అది నిజమే. కోటేశ్వరరావుకి గుర్తుంది. కొట్టులో అంతమంది భయపడే మనిషికి ఇంట్లో కూడా భయపడితే గౌరవం అనిపించేది. తలుపు వెనక దాక్కున్న చిన్నపిల్ల కాళ్లు కనిపిస్తే నవ్వు ఆపుకుంటూ గొంతు పెంచేవాడు. పిలిచి ఎత్తుకోవాలని ఎన్నోసార్లు అనిపించింది. అది తల్లి వంతు అనుకున్నాడు.

"ఇంకో సంగతి చెప్తాను, తిడితే తిట్టండి," అంది కనకలక్ష్మి. "మీకు వన్ టౌన్ అంతా ఉంది. పొద్దున పోతే రాత్రికి రావడం. వచ్చాక కూడా ఏం చెప్పేవారు? మేస్త్రమ్మ ఇలా పడుకుంది, మేస్త్రమ్మ నా క్యారియర్ కోసం ఎదురుచూసింది. ఆ క్యారియర్ సర్దింది నేను. అందులో ఏముందో, బాగుందో లేదో ఒక్కరోజు అన్నారా? దాన్ని సరిగ్గా చూడనైనా లేదు, ఎనిమిదేళ్లు దాని మీద కుళ్లుకున్నానండీ, ఒక పిల్లి మీద. అది బుట్టలో వాచిన మూతితో నా ఇంటికి వచ్చినప్పుడు జాలేసింది. ఆ డాక్టరమ్మ ఇద్దరూ రెండూ చెయ్యండి అనగానే మాత్రం, చెప్పకూడదు అనిపించింది. ఈ ఒక్కదాన్ని కూడా మీకిస్తే నాకేం మిగుల్తుంది అనిపించింది."

ఆమె ఏడుస్తోంది. కోటేశ్వరరావు ఇన్నాళ్లూ ఈ ఇంట్లో అసూయ పడుతున్నది తనొక్కడే అనుకున్నాడు. ఓదార్చాలని లేదు, తిట్టాలనీ లేదు. లేచి వెళ్లి పెరటి గుమ్మంలో నిలబడ్డాడు.

మందువేళ దాటిపోతోంది. అలవాటుగా లోపలికి వచ్చి సీసా ఊపి సిరంజి నింపాడు. తువ్వాలు భుజం మీద వేసుకుని బీరువా వైపు వంగబోతుంటే కనకలక్ష్మి వచ్చి చెయ్యి చాపింది.

"ఇటివ్వండి."

"నీ చేతులు వణుకుతాయి."

"వణకనీండి."

ఆమె పిలిస్తే పిల్లి నమ్మకంగా వచ్చింది. తువ్వాల్లో చుట్టుకున్నప్పుడు కూడా అర్థం కానట్టు ఆమె మొహంలోకి చూసింది. కనకలక్ష్మి కళ్లు మూసుకుని, పళ్లు లేని ఆ దవడ పక్కనుంచి మందు పట్టింది. సగం బయటికి పోయింది. పిల్లి నురగ కక్కుతూ ఆమె చేతిని గీరి, హాలు దాటి, మొదటిసారి వంటింట్లోకి కాకుండా ఇంకెటో పారిపోయింది. కనకలక్ష్మి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఎలా చేశారండీ ఇన్నాళ్లు," అంది తువ్వాల్లోంచే. "అది అలా చూస్తుంటే రోజూ ఎలా చేశారు?"

అప్పుడు మాత్రం కోటేశ్వరరావు వెళ్లి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆమె ముంజేతి మీద గీత, అతని ముంజేతి మీద గీత పక్కపక్కన ఉన్నాయి. లేచి వంటింట్లోకి వెళ్లి, ఉడికిన చేపని చిన్న చిన్న ముక్కలు చేసి గిన్నెలో తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"మందు పట్టిన చెయ్యే పెట్టాలిట. ఈ పూట నువ్వు పెట్టు. రేపు పొద్దున రెండూ నేను చేస్తాను."

ఇద్దరూ గోడకి ఆనుకుని కూర్చున్నారు. "చేప బాగుంది, ఉప్పు లేకపోయినా," అన్నాడు కోటేశ్వరరావు ఒక ముక్క నోట్లో వేసుకుని. కనకలక్ష్మి ఏడుపు మధ్యలో నవ్వింది. పిల్లి ఆ రాత్రి ఎవరి దగ్గరికీ రాలేదు. గిన్నె అక్కడే వదిలి పడుకుంటే, తెల్లారేసరికి ఖాళీ అయింది.

పొద్దున కోటేశ్వరరావు మందు పట్టి, పిల్లిని వదిలి, పారిపోయే ముందే చేప ముక్క దాని మూతి ముందు పెట్టాడు. తినలేదు. సాయంత్రం కనకలక్ష్మి వంతు. ఆ తర్వాతి పొద్దున పిల్లి పారిపోతూ పారిపోతూ గుమ్మంలో ఆగి వెనక్కి చూసింది. అతను కదలకుండా చెయ్యి చాపి కూర్చున్నాడు. కాళ్లు తిమ్మిరెక్కాయి. ఆదివారం పొద్దున అది అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, అతని వేళ్ల మధ్య ముక్కని నోటితో అందుకుంది. పళ్లు లేని మెత్తటి చిగుళ్లు అతని వేలిని పట్టి వదిలాయి. ఎనిమిదేళ్లు ఎలకల్ని పట్టిన నోరు అంత మెత్తగా ఉంటుందని కోటేశ్వరరావు అనుకోలేదు. అతనికి కళ్లు చెమర్చాయి.

సరిగ్గా ఆ సమయానికే గేటు దగ్గర ఆటో ఆగింది. కీర్తన బ్యాగుతో దిగి, ఎప్పటిలాగే ముందు వంటింట్లోకి వెళ్లింది. పెరటి గుమ్మంలో కూర్చున్న అతనికి తల్లీకూతుళ్లు కిటికీలోంచి కనిపిస్తున్నారు. కనకలక్ష్మి ఏదో చెప్పింది. కీర్తన కంగారుగా తల అడ్డంగా ఊపింది. కనకలక్ష్మి ఆ పిల్ల భుజాలు పట్టుకుని పెరటి వైపు తిప్పి, తను స్టవ్ వైపు తిరిగింది.

కీర్తన వచ్చి కాసేపు నిలబడింది. అతను కూర్చోమనలేదు. మాట్లాడితే గొంతు తనని పట్టిస్తుందని భయం. పక్కకి కాస్త జరిగి, చేప గిన్నె ఆమె వైపు నెట్టాడు. ఆమె కూర్చుంది. ఒక ముక్క తీసి పిల్లికి చూపించింది. పిల్లి ఇద్దరి మధ్యా తోక చుట్టుకుని కూర్చుంది.

"నాన్నా, మీకో విషయం చెప్పాలి. కోప్పడకుండా వినాలి."

"చెప్పమ్మా."

"నేను ఉద్యోగం మానేశాను. నైట్ షిఫ్టులతో ఒంట్లో బాగుండటం లేదు నాన్నా. నిద్ర లేదు, తిండి లేదు. హనుమాన్ జంక్షన్ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్ పోస్టుకి రమ్మంటున్నారు. జీతం తక్కువ. కానీ రోజూ ఇంటికి రావచ్చు." ఊపిరి తీసుకుంది. "నాకు పిల్లలకి చెప్పడం ఇష్టం నాన్నా. ఆ మాట మీకు ఎప్పుడూ చెప్పలేదు."

తెలుసమ్మా అనడానికి ఒక్క క్షణం చాలు. విన్నాను, మీ అమ్మే దాచింది అనడానికి ఇంకో క్షణం. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కనకలక్ష్మి తలుపు వెనక నిలబడి ఉంది. చీర అంచు కింద ఆమె పాదాలు కనిపిస్తున్నాయి. ఒకప్పుడు కీర్తన కాళ్లు కనిపించినట్టే.

కోటేశ్వరరావు ఆశ్చర్యపోయినట్టు కనుబొమలు ఎత్తాడు. కూతురి మొహంలోకి చూశాడు. నిజంగానే చిక్కిపోయింది. కళ్ల కింద నల్లగా ఉంది. ఇది మాత్రం అతనికి ఇప్పుడే తెలిసింది.

"ఎప్పటి నుంచి నిద్ర లేదు తల్లీ?" అన్నాడు. గొంతు పట్టించింది. చేప వాసన కొట్టే చేతులు లుంగీకి తుడుచుకుని ఆమె తల మీద చెయ్యి వేశాడు. కీర్తన బిగుసుకుపోయి, తర్వాత మెల్లగా, తలని అతని భుజానికి ఆనించింది. ఆ బరువు అతనికి ఎంత కొత్తగా ఉందంటే, గల్లాపెట్టె దగ్గరలాగే చెయ్యి కదపడానికి భయపడ్డాడు.

"కాలేజీలో చేరు. మంచి పనే," అన్నాడు కాసేపటికి. తర్వాత తలుపు వైపు ఓరగా చూసి, గొంతు తగ్గించినట్టే తగ్గించి, వినపడేట్టు అన్నాడు. "మీ అమ్మకి మాత్రం ఇప్పుడే చెప్పకు. నేను నచ్చచెప్తాలే."

కీర్తన తల ఎత్తి అయోమయంగా తండ్రి మొహం చూసింది. అందులో నవ్వు కనిపెట్టి, తలుపు కింద తల్లి పాదాలు చూసి, కళ్ల నిండా నీళ్లతో తనూ నవ్వింది. తలుపు వెనక ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. పాదాలు వెనక్కి వెళ్లాయి. గ్లాసులు కొంచెం ఎక్కువగానే చప్పుడు చేశాయి.

"ఏమిటా తండ్రీకూతుళ్ల గుసగుసలు?" అంది కనకలక్ష్మి లోపల్నుంచి.

"నీకెందుకు? కాఫీ తే," అన్నాడు కోటేశ్వరరావు. "మూడు గ్లాసులు తే. నువ్వూ వచ్చి కూర్చో."